అంచనాపత్రములో లేని పద్దు

ఖారున్ నదిని దాటి రాయపూర్ నుండి భిలాయి వైపు వచ్చువారికి ముందుగా తగులు పట్టణము కుమ్హారి. హౌరా–ముంబయి రైలుమార్గమును, గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును ఊరిని ఒరసికొని పోవుటచేత, ఇచ్చట ఆరుబయట జరుగు ఏ కచేరీకైనను గూడ్సుబండి కూత పిలువని పక్కవాద్యముగా వచ్చి చేరుచుండును. 1931లో పూర్తియైన పార్వతీపురం–రాయపూర్ రైలుమార్గము తెలుగువారికి ఈ సీమకు దారి చూపగా, 1955లో సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము కుదిరి, 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినది మొదలు, ఉత్తరాంధ్రమునుండి కుటుంబములకు కుటుంబములే ఉక్కు కర్మాగారమునకును, చరోదా రైల్వే యార్డునకును వచ్చి ఇక్కడనే వేళ్ళూనుకొన్నవి. వచ్చినవారు తమవెంట హరికథను, బుర్రకథను, త్యాగరాజ కీర్తనను కూడ తెచ్చుకొనిరి. భిలాయి సెక్టార్ 5 లోని బాలాజీ దేవాలయము మొదలు వీథి మొగల వినాయక పందిళ్ళ వరకు ఏదో ఒక మూల తెలుగు పాట వినిపించుచునే ఉండును.

ఇట్టి కచేరీల అంచనాపత్రమునందు షామియానా ఉండును, పూలు ఉండును, విద్యుద్దీపాలంకరణము ఉండును, గాయకుల సంభావన, రైలు ఛార్జీలు, భోజనములు, సౌండ్ సిస్టము అద్దె అన్నియు వరుసగా ఉండును. ధ్వనిముద్రణమను పద్దు మాత్రము ఉండదు. కచేరీ ముగిసి, గాయనీమణికి శాలువ కప్పి, జనము చెప్పులు వెదకుకొను వేళకు కార్యదర్శిగారికి హఠాత్తుగా స్ఫురించి, తీగలు చుట్టుకొనుచున్న సౌండ్ కుర్రవానిని "రికార్డింగు ఉందా బాబూ?" అని అడుగుదురు. అతడు మంచివాడైనచో ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టును. అందులో ఉన్నదానిని మరునాడు విన్నవారి ముఖములు చూడవలెను! గాత్రము చెవిలో పాడినట్లు దగ్గరగా ఉండును. మృదంగము ఎదురింటిలో వాయించినట్లుండును. డోలు అసలు వచ్చినదో రాలేదో అని సందేహము కలుగును. అప్పుడు అందరును కలసి ఆ కుర్రవానిని నిందింతురు. ఈ నింద అన్యాయమని చెప్పుటకును, ధ్వనిముద్రణము సౌండువాని దయాదాక్షిణ్యములమీద ఆధారపడవలసినది కాక, కచేరీ జరిపించువారి బాధ్యతయే అని వాదించుటకును ఈ వ్యాసము.

అన్యాయమెందుచేతననగా, మిక్సరు దగ్గర కూర్చున్నవాడు సభలోని వారికి ధ్వని చాలని చోట దానిని పూరించుచున్నాడే తప్ప, సభలో వినబడుదానిని యథాతథముగా నిర్మించుట లేదు. డోలు, నాగస్వరము, మృదంగము తమ బలముచేతనే నాలుగు వందల మందికి వినిపించునవి. వానికి మైకు పెట్టినను చాల తక్కువగా ఎత్తును. గాత్రము, వీణ, వయొలిన్ అట్లు కావు గనుక వానిని ఎక్కువగా ఎత్తును. సభలో సహజధ్వనియు, స్పీకర్ల ధ్వనియు గాలిలో కలసికొని సమతూకము కుదురును. స్పీకర్లకు పోవుచున్న ఆ మిశ్రమమునే రెండు ట్రాకులుగా పట్టి దాచుకొన్నవారికి మిగులునది సభకు కొరతపడినదాని లెక్క మాత్రమే. సౌండువాడు ఎంత నిపుణుడైన ఈ వికారము అంత స్పష్టముగా కనబడును, ఏలననగా అతడు అనవసరముగా దేనిని ఎత్తలేదు!

దీనికి విరుగుడు బహుకాలముగా తెలిసినదే. ప్రతి మైకును ఒక ప్రత్యేకమైన ట్రాకుగా పట్టి, హెచ్చుతగ్గులను తరువాత తీరికగా సరిచేసికొనుట. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోనునకు పాడినప్పుడు ఒక కొమ్ము గొట్టము ముందు, మూడు నిమిషములలో, అంతా ఒక్కసారిగా ముగించవలసి వచ్చినది. 1957లో ఆంపెక్స్ సంస్థ అమెరికాలో లెస్ పాల్ అను వాద్యకారునికి ఎనిమిది ట్రాకుల యంత్రమును చేసి ఇచ్చినది. అటుపిమ్మట అర్ధశతాబ్దము పాటు ఇది స్టూడియోలవారి భోగముగానే ఉండి, సభామందిరములకు రావలెనన్నచో ఒక వ్యానునిండ సామగ్రియు, మైకు తీగలను రెండుగా చీల్చు పెట్టెలును, కావలసినంత ధనమును అవసరమగుచుండెను. 2012లో బెహ్రింగర్ వారి ఎక్స్32 వంటి డిజిటల్ మిక్సర్లు వచ్చిన పిదప ఆ వ్యాను అంతయు మిక్సరు వెనుకనున్న ఒక యూఎస్‌బీ రంధ్రములోనికి కుదించుకొనిపోయినది. ఈనాడు రాయపూర్‌లోను, భిలాయిలోను అద్దెకు వచ్చు సామాన్యమైన డిజిటల్ మిక్సరు కూడ 16 లేక 32 ఛానెళ్ళను విడివిడిగా లాప్‌టాప్‌లోనికో, తనలోని కార్డులోనికో ఇయ్యగలదు. ఆ సదుపాయమునకు మనము అద్దె ఇచ్చుచునే ఉన్నాము; వాడుకొనుట లేదు.

హరికథకులు ఆదిభట్ల నారాయణదాసుగారు కాళ్ళు రెండు, చేతులు రెండు, శిరస్సు ఒకటి, ఇట్లు ఐదు అంగములతో ఐదు తాళములు వేసి పంచముఖి ప్రదర్శించెడివారని పెద్దలు వ్రాసిరి. నాబోటివానికి అది చదివి తెలిసికొన్న విషయమే. ఆ విద్యను ఒకే మైకుతో పట్టినచో విననగునది చప్పుళ్ళ కలగాపులగము. ఐదు ట్రాకులుగా పట్టినచో శిష్యుడు ఒక్కొక్క అంగమును వేరుగా విని, దాని నడకను సాధించి, మరల ఐదింటిని కలుపుకొని వినవచ్చును. ఈ భాగ్యము బుర్రకథకును కావలసినదే. నడుమ కథకుడు తంబుర మీటుచు, అందెలు మ్రోగించుచు అడుగు వేయును. ప్రక్కన హాస్యగాడును, రాజకీయుడును వంత పలుకుదురు. ఆ వంతమాటలలోనే సగము రసమున్నదని విన్నవారికి తెలియును, కాని పాత రికార్డులలో అవి గొణుగుడుగానే మిగిలినవి. మన ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీలు భారతకథను పాడి చెప్పు పండవానీదియు ఇదే స్థితి. ఈ భిలాయికి చేరువనున్న గనియారీ గ్రామమున పుట్టి, 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయి పండవానీ పాడునప్పుడు, చేతిలోని తంబుర ఒకసారి గద, ఒకసారి ధనుస్సు. ఆమె వేదికమీద తిరుగాడుచు చెప్పుచుండగా ప్రక్కన రాగీ అనబడు వంతగాడు ఊకొట్టుచు ప్రశ్నలు వేయుచుండును. రాగీకి వేరొక ట్రాకు లేని ముద్రణమున పండవానీ సంభాషణ కాస్త ఏకపాత్రాభినయమై కూర్చుండును.

ఇంతవరకు చదివిన పాఠకుడు "సరే, లాప్‌టాప్ తగిలించితిమి, పని ముగిసినది" అనుకొనవచ్చును. పని అక్కడనే మొదలగును. పెండ్లి ముహూర్తము వలెనే కచేరీకి కూడ రెండవసారి అన్నది లేదు. కావున ముద్రణమునకు ఉండవలసిన ప్రథమగుణము నమ్మదగుట, శ్రావ్యత ఆ తరువాతది. మొదట ఒక మనిషి కావలెను. సభకు ధ్వని సమకూర్చువాడే ముద్రణమును కూడ చూచుకొనవలెననుట దురాశ. గాయకుడు మానిటరులో వినబడుట లేదని సైగ చేసినప్పుడు, మైకు కూత వేసినప్పుడు, అధ్యక్షులవారు మైకును అరచేత మూసి పట్టుకొని ఉపన్యసించినప్పుడు అతడు లాప్‌టాప్ తెర చూడడు, చూడరాదు కూడ. ముద్రణమునకు వేరొకడు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని, ఒక్కొక్క ట్రాకును మార్చిమార్చి వినుచు, ఒక పుస్తకమున వేళలు వ్రాసికొనుచు కూర్చుండవలెను. తెరమీద పచ్చగీతలు ఆడుచున్నంత మాత్రమున ధ్వని క్షేమముగా చేరుచున్నదని అర్థము కాదు. గీత ఆడుచునే యుండును. మైకు పిన్ను వదులై బరబరమను శబ్దమునకు కూడ అది ఆడును.

భిలాయివారికి స్టాండ్‌బై అన్న మాటను నేను వివరింప నక్కరలేదు. ఫర్నేసును చల్లబరచు నీటికి ఒక్క పంపును నమ్ముకొన్న ఇంజనీరు ఎవడైన కలడా? అట్లే ముద్రణమునకు రెండు దారులుండవలెను: ఒకటి యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌లోనికి, రెండవది మిక్సరులోని కార్డులోనికి. అయితే ఈ రెండును ఒకే మిక్సరునుండి పుట్టినవే గనుక, మిక్సరు మొరాయించినచో రెండును ఒక్కసారి పోవును. కావున సభలో మూడవ నాలుగవ వరుసల నడుమ, తన మైకులు తనకే ఉన్న చిన్న స్టీరియో రికార్డరు ఒకటి, తన బ్యాటరీమీద తాను నడచుచు ఉండవలెను. దాని వెల అధికము కాదు, దాని ఉపయోగము రెండు విధములు. ఏ ఆపదయు రానప్పుడు అది సభయొక్క గాలిని, చప్పట్లను, ఆహాకారములను పట్టి ఇచ్చును. అవి లేనిచో ట్రాకులన్నియు మూసిన గదిలో పాడినట్లు ఎండిపోయి ఉండును. ఆపద వచ్చినప్పుడు మిగిలిన కచేరీ అదియే.

మన ప్రాంతమున ఆపద అనగా ముఖ్యముగా కరెంటు. పందిట్లో కరెంటు పోయి జనరేటరు అందుకొను ఆ కొన్ని క్షణములలో సభవారు నవ్వుచు ఊరకుందురు, గాయకుడు మైకు లేకయే పాడుచుండును, చప్పట్లు కూడ మ్రోగును. కాని డిజిటల్ మిక్సరు ఒక కంప్యూటరు. ఆరిన వెంటనే వెలుగదు, మేల్కొనుటకు దానికి వ్యవధి కావలెను. అంతకంటె పెద్ద నష్టము కంటికి కనబడనిది. వేవ్ ఫైలు అనబడుదాని ముఖమున ఆ ఫైలు ఎంత పొడవున్నదో తెలుపు ఒక శీర్షిక ఉండును. పెక్కు యంత్రములు దానిని ముద్రణము ఆపినప్పుడే పూర్తిగా వ్రాయును. ఆపకమునుపే కరెంటు పోయినచో గంటసేపు పాడిన పాట కార్డులో భద్రముగా ఉండియు, శీర్షికలో పొడవు సున్న అని ఉండుటచే ఫైలు శూన్యముగా కనబడును. దానిని బాగుచేయు సాఫ్ట్‌వేర్లు కలవు. కాని ఆ సంగతి తెలియనివారు "ఏమీ రాలేదు" అని కార్డును ఫార్మాట్ చేసి, చేజేతుల సంగీతమును తుడిచివేసికొందురు. మిక్సరు, వేదికమీద మైకు తీగలు చేరు స్టేజ్ బాక్సు, లాప్‌టాప్ మూడింటికి ఒక యూపీఎస్ పెట్టినచో ఈ దుఃఖములో తొంబదిపాళ్ళు తొలగును. స్టేజ్ బాక్సును మరచి మిక్సరునకు మాత్రమే యూపీఎస్ పెట్టుట సర్వసాధారణమైన పొరపాటు. అప్పుడు మిక్సరు నిశ్శబ్దమును బహుజాగ్రత్తగా ముద్రించుచుండును.

లెక్కలు కూడ కొంత తెలిసియుండవలెను. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటి 24 బిట్లు అనగా 3 బైట్లు చొప్పున ఒక ట్రాకు గంటకు సుమారు 52 కోట్ల బైట్లు. మన కర్ణాటక కచేరీకి ఎనిమిది ట్రాకులు చాలును; అవి మూడు గంటలకు 12 గిగాబైట్లు దాటి కొంచెము. 32 ఛానెళ్ళను పట్టినచో మూడు గంటలకు 50 గిగాబైట్ల దాపున అగును. కొన్ని మిక్సర్లలో 32 గిగాబైట్ల కార్డులు రెండు పెట్టినను నాలుగు గంటలకు చాలవు. రెండు కార్డులున్నవి గదా, రెండు ప్రతులు వచ్చునని భ్రమపడరాదు. వానిలో రెండవ కార్డు మొదటిది నిండిన పిదప అందుకొనుటకే ఉన్నది. హరికథకుడు రంగములో దిగినచో నాలుగు గంటలు ఏపాటి! పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులలో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు గనుక 32 ఛానెళ్ళ ఫైలు కొన్ని నిమిషములకొకసారి తెగి, వెంటనే మరియొకటి మొదలగును. తెగినవానిని వరుస తప్పక కలుపుకొన్నచో స్వరము జారదు, కాని నడుమ ముక్క ఒకటి కాపీ చేయ మరచినచో పల్లవి ఎగిరిపోవును. బజారులో చవుకగా దొరకు కార్డులలో నకిలీవి కలవు. పైన వ్రాసిన పరిమాణము లోపల ఉండదు. ముందునాడు కార్డును నిండుగా నింపి, తిరిగి విని చూచినవానికే దాని నిజస్వరూపము తెలియును.

లాప్‌టాప్ విషయమున నాకు ఒక్కటే కోరిక. ఆ సాయంకాలము దానిని ప్రపంచమునుండి వేరుచేయుడు. వైఫై ఆపి, అప్‌డేట్లు ఆపి, నిద్రపోవు అలవాటును మాన్పించి, యూఎస్‌బీకి విద్యుత్తు పొదుపు చేయు ఏర్పాటును తీసివేసి, బఫరును పెద్దదిగా పెట్టవలెను. సభకు ధ్వని లాప్‌టాప్ గుండ పోవుట లేదు గనుక ఆలస్యమను చింత అక్కరలేదు. చిన్న బఫరు పెట్టి చిటపటలు కొనితెచ్చుకొనుట వట్టి దర్పము. తిరుగు పళ్ళెము గల పాతరకపు హార్డ్ డిస్కును బాస్ స్పీకరు ప్రక్కన పెట్టినచో ఆ అదురునకు అది తడబడును. ఎస్‌ఎస్‌డీకి ఆ బాధ లేదు.

గెయిన్ అను మరను గురించి సౌండు కుర్రవానితో ముందుగానే ఒక మాట అనుకొనవలెను. ట్రాకులను మైకు గెయినునకు తరువాతను, ఈక్వలైజరు, కంప్రెసరులకు ముందును గ్రహించుటయే మేలు. సభకొరకు అతడు ఎన్ని మార్పులు చేసికొన్నను ముద్రణము చెక్కుచెదరదు. కాని గెయిను రెండింటికి ఉమ్మడి. నడుమలో అతడు దానిని త్రిప్పినచో ట్రాకులోను పాట ఒక్కసారి ఎగయును, లేక క్రుంగును. గాయకులు పరీక్షవేళ మెల్లగా పాడి, తారస్థాయిలో నిరవల్ చేయునప్పుడు రెట్టింపు గొంతు తీయుదురన్నది అనుభవజ్ఞుల మాట. 24 బిట్ల లోతున కావలసినంత చోటున్నది. సగటు ధ్వనిని పూర్ణస్థాయికి 18 డెసిబెళ్ళు క్రిందనే ఉంచినచో కొంప మునిగినది లేదు. పైకి తాకి పగిలిన స్వరమును మాత్రము ఏ యంత్రమును పూర్తిగా అతుకజాలదు.

నమూనాల వేగమును గూర్చిన ఏమరుపాటు ఇంకను వింతైనది. 44,100 చొప్పున పట్టినదానిని 48,000 చొప్పున వినిపించినచో, గంట కచేరీ 55 నిమిషములలో ముగియును. ఐదవ శ్రుతిలో పాడిన గాయని ఆరవ శ్రుతికి చేరువై, ఎవరో బాలిక పాడినట్లు వినబడును. ఇది సరిదిద్దుకొన వీలగు దోషమే గాని, సరిదిద్దకయే యూట్యూబులో పెట్టి, గాయని గొంతు మారినదేమని వ్యాఖ్యానించువారు కలరు.

ఈ వాదమునకు రెండు ఆక్షేపణలు వచ్చును. ఒకటి, జనము చేతులలో ఇన్ని ఫోన్లుండగా ఈ బాధ ఎందుకని. ఫోను తనంతట తాను హెచ్చుతగ్గులను సమము చేయును. మృదంగము దెబ్బ పడగానే గాత్రమును అణచును, నిశ్శబ్దమురాగానే ఫ్యాను చప్పుడును పెంచును. జ్ఞాపకమునకు అది చాలును, విద్యకు చాలదు. రెండవ ఆక్షేపణ కొంత బరువైనది: ఇన్ని ట్రాకులను పట్టితిమి సరే, వానిని కూర్చి వినదగినట్లు చేయువారెవరు? కుమ్హారిలో నేడు అట్టివారు లేకపోవచ్చును. అయినను కూర్పు వేచియుండగలదు, కచేరీ వేచియుండదు. తాళ్ళపాకవారి సంకీర్తనలు రాగిరేకులమీద శతాబ్దములు తిరుమల భాండాగారమున నిలిచి 1922లో వెలుగు చూచినవి. రేకులమీద సాహిత్యమున్నది, రాగముపేరున్నది, వరుస లేదు. అందువలన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు ఇరువదవ శతాబ్దమున వానికి క్రొత్తగా బాణీలు కట్టవలసి వచ్చినది. కట్టినవి మధురములే. అన్నమయ్య పాడిన విధము మాత్రము మనకు తెలియదు. చెక్కినవారు తమకు అందిన సాధనముతో పూర్తిగా చేసిరి. మన సాధనము ఇంతకంటె పెద్దది, చేయుట మాత్రము సగమే చేయుచున్నాము.

కూర్చనక్కరలేకయే ఈ ట్రాకులు మరునాడే పనికివచ్చును కూడ. మూడు రోజుల ఉత్సవములో మొదటినాటి ట్రాకులను రెండవనాటి సాయంకాలము మిక్సరులోనికి తిరిగి పంపి, ఖాళీ కుర్చీల నడుమ తిరుగుచు, గాయకులను ఎండలో నిలబెట్టకయే ధ్వనిని సరిచేసికొనవచ్చును. సౌండువారు దీనిని వర్చువల్ సౌండ్‌చెక్ అందురు. దీనిని రుచి చూచిన ఆపరేటరు మరల ముద్రణము వద్దనడు.

ఇక దాచుట. అనుమతి మాట ముందు తేల్చుకొనవలెను. 1957 నాటి కాపీరైట్ చట్టము 38వ సెక్షను ప్రకారము ప్రదర్శకునికి తన ప్రదర్శనముమీద హక్కున్నది. అతని సమ్మతి లేక ముద్రించుట ఆ హక్కునకు భంగము. సంభావన ఇచ్చితిమి గదా అని అనుమతి కూడ కొన్నట్లు భావించు కార్యదర్శులు పెక్కుమంది. ఒక కాగితముమీద ఏమి పట్టుదుము, ఎవరికి ఇత్తుము, ఎక్కడ వినిపింతుము అని వ్రాసి, గాయకుడు, వయొలిన్, మృదంగ విద్వాంసులు అందరిచేతను సంతకము చేయించి, మొదటి ప్రతిని వారికే పంపవలెను. పక్కవాద్యకారులను మరచుట మనకు అలవాటు; చట్టము వారిని మరువలేదు.

ఆ హక్కు ప్రదర్శనము జరిగిన మరుసటి సంవత్సరాదినుండి 50 ఏండ్లు నిలుచును. 2025లో పాడినదానికి 2075 చివరివరకు. అంతకాలము జీవించు హార్డ్ డిస్కు లేదు, రెండేండ్లకొకసారి మారు కార్యవర్గము అంతకంటె అల్పాయువు. కావున రెండు డిస్కులు, ఒకటి దేవాలయపు బీరువాలో, ఒకటి వేరొక ఇంట. మూడవ ప్రతి క్లౌడులో. ఏడాదికొకసారి తెరచి విని, నాలుగైదేండ్లకు క్రొత్త డిస్కునకు మార్చి, ఆ మార్పును రిజిస్టరులో తేదీతో వ్రాయవలెను. ట్రాకు పేర్లు "ఆడియో 07" అని వదలక "వయొలిన్", "ఘటం", "రాగీ" అని ఆ రాత్రియే పెట్టవలెను. ఏడవ మైకు ఎవరిముందున్నదో పదిరోజులకే ఎవరికిని గుర్తుండదు. కార్యవర్గము మారునప్పుడు నగలు, వెండిసామాను, బ్యాంకు పుస్తకము అప్పగించు జాబితాలో ఈ డిస్కులు కూడ చేరి, క్రొత్త కార్యదర్శి వానిని తెరచి, విని, సంతకము చేసి పుచ్చుకొనవలెను.